పీతల రంగుల రాగిరేకు చిత్రాలు

రాగిరేకు మీద పీత రూపాన్ని సన్నని గీతలుగా చెక్కి, సిరాతో కాగితం మీద అచ్చువేసి, ఆ తర్వాత ఒక్కొక్క ప్రతికీ కుంచెతో నీటిరంగులు అద్దిన ప్రకృతిశాస్త్ర చిత్రాలివి. 18వ శతాబ్దంలోనూ, 19వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లోనూ ఐరోపాలో విరివిగా వెలువడ్డాయి. వాటిలోని పీతల్లో కొన్ని నేటికీ విశాఖపట్నం, కాకినాడ వలల్లో పడుతున్నవే.

ఆమ్‌స్టర్‌డామ్‌లో 1705లో అచ్చయిన ప్రకృతిశాస్త్రజ్ఞుడు రంఫియస్ గ్రంథంలో ఇండోనేషియాలోని అంబాన్ దీవి పీతల బొమ్మలున్నాయి. 1719 నాటి లూయీ రెనార్డ్ పుస్తకం ఆ ప్రాంతపు చేపలనూ పీతలనూ కళ్లు చెదిరే రంగుల్లో చూపింది. ఆ రంగుల్లో చాలావరకు ఊహ. శాస్త్రంగా నిలిచిన మొదటి పెద్ద ప్రయత్నం బెర్లిన్ మతబోధకుడు యోహాన్ హెర్బ్‌స్ట్‌ది. ఆయన పీతల, రొయ్యల గ్రంథం 1782 నుంచి 1804 వరకు భాగాలుగా వచ్చింది. బంగాళాఖాతంలో దొరికే మూడు చుక్కల పీతకు 1783లో శాస్త్రనామం పెట్టినది ఆయనే. దాని వీపు మీద వెనుకభాగాన అడ్డంగా మూడు ముదురు ఎర్రని మచ్చలు, ఒక్కో మచ్చ చుట్టూ తెల్లని అంచు ఉంటాయి. చిత్రకారుడు ఆ మచ్చలు తప్పితే పీత గుర్తు తప్పినట్టే.

అసలు చిక్కంతా రంగుతోనే. పీత పెంకులోని ఎర్రని వర్ణకం మాంసకృత్తుతో ముడిపడి ఉన్నంతవరకు నీలంగానో ఆకుపచ్చగానో కనిపిస్తుంది. వేడి తగిలితే ఆ ముడి విడిపోయి ఎరుపు బయటపడుతుంది. ఎండబెట్టినా, సారాయిలో ఉంచినా అసలు రంగు నిలవదు. బెర్లిన్‌కు చేరిన నమూనాలు చచ్చి ఎండినవి. కాబట్టి ఆ కాలపు బొమ్మల్లో ఎరుపు, గోధుమ రంగులు ఎక్కువగా కనిపిస్తే అది సముద్రపు పీత రంగని నమ్మకూడదు. పైగా అద్దకం పని జీతానికి పనిచేసే చేతులది. ముందున్న నమూనా ప్రతిని చూసి వందల ప్రతులకు రంగు వేసేవారు. ఒకే పుస్తకపు రెండు ప్రతుల్లో ఒకే పీత రెండు రంగుల్లో ఉండటం అందుకే.

కోరమాండల్ తీరంలో ఈ కళకు మంచి అవకాశమే ఉండింది. సామర్లకోటలో వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ దేశీయ చిత్రకారుల చేత గీయించిన మొక్కల బొమ్మలు 1795 నుంచి 1819 వరకు లండన్‌లో 300 రంగుల పలకలుగా వచ్చాయి. విశాఖపట్నంలో వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్ పాముల బొమ్మలు రాయించి, 1796లో చేతిరంగులతో ప్రచురించాడు. అక్కడి చేపల గ్రంథం 1803లో నలుపు తెలుపుల్లోనే వెలువడింది. కానాగడత చేప శాస్త్రనామంలో ఆ తెలుగు పేరు నేటికీ ఉన్నది ఆ పుస్తకం వల్లనే. పీతలకు మాత్రం అటువంటి గ్రంథం రాలేదు. ఇది నిజంగా పెద్ద లోటు, ఎందుకంటే ఒడ్డున బతికున్న పీతను ఎదురుగా పెట్టుకుని గీయగల చేతులు ఇక్కడే ఉన్నాయి. తరంగంబాడి నుంచి డాల్డార్ఫ్ అనే సేకర్త పంపిన పీతలను కీటకశాస్త్రవేత్త ఫాబ్రిషియస్ 1798లో వర్ణించాడు, కానీ బొమ్మలు లేకుండా.

దక్కను మెట్ట పీతల వంతు తర్వాత వచ్చింది. చెరువుగట్లలో, వరిమళ్ల గట్లలో బొరియలు చేసే పీతను కల్నల్ సైక్స్ పరిశీలించగా, 1836లో దానికి చిత్రంతో సహా నామకరణం జరిగింది.

19వ శతాబ్దం మధ్యకల్లా రాతి అచ్చు, ఆపై రంగుల అచ్చు వచ్చి కుంచె పనిని మింగేశాయి. పాత పలకను గుర్తించే పద్ధతి తేలిక. బొమ్మ చుట్టూ రాగిరేకు నొక్కుడు గుర్తు ఉండాలి, భూతద్దంలో చూస్తే గీతలు తెగకుండా సాగాలి, రంగు అక్కడక్కడా గీత దాటాలి. చుక్కల వల కనిపిస్తే అది ఆధునిక ముద్రణ. నొక్కుడు గుర్తున్నా రంగు మాత్రం నిన్న మొన్న అద్దినది కావచ్చు. పుస్తకాల నుంచి చింపి విడిగా అమ్మే పలకల్లో ఈ మోసం సాధారణం. అసలు నీటిరంగు వెలుతురుకు వెలిసిపోతుంది కాబట్టి గ్రంథాలయాలు ఈ పుస్తకాలను ఎక్కువ వెలుతురు తగలకుండా ఉంచుతాయి.