దానిమ్మకు పొగ, అశోకానికి పాదతాడనం

శ్రీహర్షుడి నైషధం మొదటి సర్గలో విరహంతో వేగిపోతున్న నలుడు ఉద్యానవనంలోకి వెళ్తాడు. అక్కడ ఒక దానిమ్మ చెట్టుకు పొగ వేసి ఉంటుంది. తలకిందులుగా వేలాడే కాయలు ఆ పొగ తాగుతూ తపస్సు చేస్తున్నట్టు కవి ఉత్ప్రేక్షించాడు. కావ్యాల రుచి మరిగినవాళ్లు ఆ ఊహను మెచ్చుకుని తర్వాతి శ్లోకానికి వెళ్లిపోతారు. అసలు చెట్టుకు పొగ ఎందుకు వేశారు? కవి వివరించలేదు, తన పాఠకులకు తెలిసే ఉంటుందని ఆయన ధీమా. చెప్పింది వ్యాఖ్యాతలు: దానిమ్మ కాయ బాగా ఊరాలంటే చెట్టు మొదట్లో పొట్టేలు మాంసం నీళ్లు పోయాలట, దాని వెంట్రుకలూ మాంసమూ కాల్చి పొగ పట్టాలట. పన్నెండో శతాబ్దపు శృంగార కావ్యం అడుగున ఇంత పచ్చి తోటపని దాగి ఉండటం ఎంత ముచ్చటైన సంగతి! తోటల మీద మనకున్న శాస్త్రమూ కల్పనా ఒకే మట్టిలో పెరిగాయనీ, ఒకదాన్ని పక్కన పెట్టి రెండోది చదివితే రెండూ సగమే అర్థమవుతాయనీ అనడానికి ఈ ఒక్క దానిమ్మ చెట్టు చాలు.

తోటపని గ్రంథాల పరంపర చాలా పాతది. అర్థశాస్త్రం సాగు చూసే అధికారికి వృక్షాయుర్వేదం తెలిసి ఉండాలంటుంది. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో ఒక అధ్యాయం దీనికే కేటాయించి, చెట్టుకూ చెట్టుకూ ఇరవై మూరల ఎడం ఉత్తమం, పదహారు మధ్యమం, పన్నెండుకు తగ్గకూడదు అని లెక్క చెప్పాడు. కొమ్మలు రాసుకుని వేళ్లు పెనవేసుకుంటే కాపు సరిగా రాదన్నది ఆయన చెప్పిన కారణం. తర్వాత వెయ్యో సంవత్సరం ప్రాంతంలో సురపాలుడి వృక్షాయుర్వేదం వచ్చింది. 325 శ్లోకాల ఆ గ్రంథంలో చెట్లకూ వాత పిత్త కఫ దోషాలుంటాయి, వాటికి తగ్గ చికిత్సలుంటాయి. మాంసం, కొవ్వు, మూలుగ ఉడికించి, తెలగపిండి, మినుములు, తేనె, పాలు వంటివి చేర్చి, వెచ్చని చోట మగ్గబెట్టే కుణపజలం తయారీ ఉంటుంది. నైషధ వ్యాఖ్యల్లోని పొట్టేలు మాంసం నీళ్లకు ఇది దగ్గరి చుట్టమే. పూత కోసం, కాపు కోసం చెట్టుకు చేసే ఇలాంటి ఉపచారాలకే దోహదక్రియలని పేరు. గర్భిణి కోరిక తీర్చినట్టు చెట్టు కోరికా తీర్చాలన్నది వాటి వెనకున్న భావన.

ఆ క్రియల్లోకెల్లా కవులకు ప్రీతిపాత్రమైనది అశోకానికి స్త్రీ పాదతాడనం. కాళిదాసు మాళవికాగ్నిమిత్రం మూడో అంకమంతా దాని మీదే నడుస్తుంది. ఉయ్యాల మీంచి పడి రాణి ధారిణీదేవి కాలు నొచ్చింది కాబట్టి తన్నే పని ఆమె పరిచారిక మాళవికకు వచ్చింది. అయిదు రాత్రుల్లో పూస్తే ఆమె కోరిక తీరుస్తానని రాణి మాట ఇచ్చింది. చాటుగా చూస్తున్న రాజు సంగతి సరే, ఇక్కడ గమనించాల్సింది ఆ గడువు. తోటపనికి ఉండే నిరీక్షణనే కాళిదాసు నాటకపు బిగిగా మార్చాడు. అలాంటి చెట్లన్నిటినీ ఒక్కచోట చేర్చిన శ్లోకాన్ని మేఘసందేశ వ్యాఖ్యలో ఉదాహరించినవాడు మెదక్ ప్రాంతపు కొల్చారానికి చెందిన కోలాచల మల్లినాథసూరి. పొగడకు పుక్కిలించిన మద్యం, గోరంటకు కౌగిలి, తిలకానికి చూపు, సంపెంగకు నవ్వు, మామిడికి ఊపిరి, కొండగోగుకు నాట్యం... ఇలా పది చెట్లు. నిపుణులు అకాలంలో పూలు పూయించడానికి వాడే ద్రవ్యమే దోహదమని నిఘంటువు చెప్పిన మాటను కూడా ఆయనే ఎత్తి చూపాడు. కావ్యం వివరించడానికి కూర్చున్న పండితుడు తోటమాలి చేతిపనిని తప్పించుకోలేకపోయాడు.

తన్నితే పూసే చెట్టునూ పొగకు కాసే చెట్టునూ ఒకే గాటన కట్టడం సబబా అని ఎవరైనా అడగవచ్చు. సబబు కాదు. నవ్వుకు సంపెంగ పూయదు. పొగ సంగతి వేరు. ఫిలిప్పీన్స్ రైతులు మామిడి చెట్ల కింద పొగ వేసి కాలం కాని కాలంలో పూత తెప్పించేవారు, అజోర్స్ దీవుల్లో పొగతో అనాసను పూయిస్తారు. పొగలో ఉండే ఇథిలీన్ అందుకు కారణం. దానిమ్మ విషయంలో పొట్టేలు పొగ పనిచేస్తుందని దీనివల్ల రుజువు కాదు గానీ, పొగ వేసినవాడు మూఢుడు కాడని మాత్రం తేలుతుంది. పరీక్షకు నిలిచేదీ ముచ్చటకు చెప్పుకునేదీ ఒకే పేరు కింద బతికాయంటే, వాటిని చదివినవాళ్లు తోటను మందుల కొట్టుగానూ చూడలేదు, వట్టి తెరబొమ్మగానూ చూడలేదు.

ఇంతకంటే బరువైన ఆక్షేపణ ఇంకొకటుంది: ఇవన్నీ కొలువుల కోసం సంస్కృతంలో రాసినవి, గునపం పట్టినవాడు వీటిని చదివి ఉండడు. నిజమే. కానీ మాంసం నీళ్లు పోసి చూడాలన్న ఆలోచన రాజసభలో కూర్చున్నవాడికి పుట్టి ఉంటుందా? జ్ఞానం తోట నుంచే తాళపత్రాల్లోకి ఎక్కి ఉండాలి. ఎక్కించినవాడి పేరు నిలిచింది, చెట్టు పెంచినవాడి పేరు పోయింది. ఈ సాహిత్యంలో అన్నిటికంటే పెద్ద నష్టం ఇదే.

సంస్కృతం నుంచి తెలుగు కావ్యాలకు వస్తే, ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడి తులసివనం గోదాదేవికి పుట్టిల్లయింది, ప్రబంధానికి ఉద్యానవర్ణన తప్పనిసరి అయింది, వర్ణన పెరిగినకొద్దీ పని కనుమరుగైంది. 1781 నుంచి సామర్లకోటలో ఉండి మొక్కలు పెంచిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ పుస్తకం కోరమాండల్ తీరపు మొక్కల మీద 1795 నుంచి మూడు సంపుటాలుగా వెలువడింది. అందులో 300 చిత్రాలు, మొక్కలకు తెలుగు పేర్లు, ఉపయోగాలు ఉన్నాయి. గొప్ప పుస్తకమే, కాకపోతే అందులో ప్రతి మొక్కా తోట నుంచి విడివడి తెల్ల కాగితం మీద ఒంటరిగా నిలబడింది. బొమ్మలు గీసిన మన చిత్రకారుల పేర్లు ఇక్కడా లేవు.

సురపాలుడి గ్రంథం ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయపు రాతప్రతి నుంచి మళ్లీ వెలుగు చూసింది. నళినీ సాధలే ఇంగ్లీషు అనువాదాన్ని 1996లో సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ ప్రచురించింది. కుణపజలాన్ని ఇప్పుడు రైతులు మళ్లీ కాచి చూస్తున్నారు. అదే పక్కన మల్లినాథుడి వ్యాఖ్యల్లోని తోట సంగతులన్నీ ఏరి, మూలశ్లోకాలతో, కావ్య సందర్భాలతో ఒక తెలుగు పుస్తకంగా వేయాలి. సాహిత్య శాఖవాళ్లూ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లూ కలిసి కూర్చుని చేయాల్సిన పని అది.