ప్రాణాయామము: చరిత్ర

ప్రాణాయామము శ్వాసగతిని నియమించి, తద్ద్వారా చిత్తమును స్వాధీనపఱచుకొను సాధన. హృదయస్పందము, జీర్ణక్రియ మున్నగు దేహవ్యాపారములు మన యిచ్ఛకు లోబడవు. కాలుసేతుల కదలిక పూర్తిగా లోబడును. శ్వాస మాత్రము నిద్రలో తనంతట తాను సాగుచు, మెలకువలో మనము కోరినపుడు నిలుచుచు, రెండు విధములను వర్తించును. దేహమునకును మనస్సునకును నడుమనున్న యీ సంధిస్థానమును భారతీయులు మిక్కిలి ప్రాచీనకాలముననే గుర్తించిరి. అయితే శ్వాసను నిరోధింపవలయునా, కేవలము గమనింపవలయునా, దాని ఫలము దేహమునకా, ఆత్మకా అను విషయములందు వారిలో ఏకాభిప్రాయ మెన్నడును కుదరలేదు. ప్రాణాయామ చరిత్ర చాలవఱకు ఆ వివాదముల చరిత్రయే.

అథర్వవేదము 11వ కాండమున ప్రాణమును సర్వమునకు ప్రభువుగా స్తుతించు సూక్తమొకటి కలదు. ఇంద్రియములు తమలో నెవరు శ్రేష్ఠులని కలహించి, ఒక్కొక్కటిగా దేహమును వీడిచూచి, తుదకు ప్రాణము కదలబోవగనే తామును నిలువలేక దానికి తలయొగ్గిన కథ ఛాందోగ్య బృహదారణ్యకోపనిషత్తులు రెంటను గలదు. ధర్మశాస్త్రముల కాలమునాటికి ప్రాణాయామము ప్రాయశ్చిత్తముగ పరిణమించెను. భూః, భువః మొదలగు వ్యాహృతులతోను ప్రణవముతోను గూడిన మూడు ప్రాణాయామములు పరమతపస్సని మనుస్మృతి చెప్పుచున్నది. ఆ పద్ధతియే నేటికిని సంధ్యావందనమున నిలిచియున్నది: తర్జనీమధ్యమలను వదలి, బొటనవ్రేలితో ఒకవైపును, ఉంగరపు వ్రేలు చిటికెన వ్రేలులతో రెండవవైపును ముక్కుపుటములను పట్టి, సప్తవ్యాహృతులతోను శిరోమంత్రముతోను గాయత్రిని మనస్సున జపించుచు శ్వాసను నిలుపుదురు. ఇందు శ్వాసకు కొలత గడియారము కాదు, మంత్రము. ఎక్కువసేపు బిగబట్టుట యిచట ప్రధానము కాదు.

నిరోధమార్గమును కడవఱకు పరీక్షించి విడిచినవాడు బుద్ధుడు. బోధి కలుగుటకు పూర్వము తాను నోరు, ముక్కు, చెవులు మూసి శ్వాసను ఆపగా, వాయువులు తలను చీల్చునట్లు కొట్టుకొని, దుర్భరమైన శిరోవేదనయు దేహమున మంటయు కలిగినవే గాని జ్ఞానము కలుగలేదని ఆయన చెప్పినట్లు మజ్ఝిమనికాయమునందలి మహాసచ్చకసుత్తము తెల్పుచున్నది. తరువాత ఆయన బోధించిన ఆనాపానస్మృతిలో నిరోధము లేదు. దీర్ఘమైన శ్వాసను దీర్ఘమనియు, హ్రస్వమైనదానిని హ్రస్వమనియు ఎఱుగుటతో మొదలై, దేహము, వేదన (అనుభూతి), చిత్తము, ధర్మములు అను నాలుగింటిని అనుసరించి 16 మెట్లుగ సాగును.

పతంజలి క్రీస్తుశకపు తొలి శతాబ్దులలో యోగసూత్రములను కూర్చినపుడు నిరోధమును విడువలేదు గాని దానిని లొంగదీసి తగిన తావున నుంచెను. సాధనపాదమునందలి 49 మొదలు 53 వఱకు గల అయిదు సూత్రములే ఆయన ప్రాణాయామ ప్రకరణము. ఆసనము స్థిరపడిన పిమ్మట శ్వాసప్రశ్వాసల గతిని విచ్ఛేదించుట ప్రాణాయామమనియు, దానివలన ప్రకాశమును కప్పిన ఆవరణము క్షీణించి మనస్సు ధారణకు యోగ్యమగుననియు ఆయన చెప్పెను. ఆ సూత్రములలో ఆరోగ్యము మాట గాని ఆయుర్వృద్ధి మాట గాని లేదు. నేడు ప్రాణాయామమును రోగనివారకముగ ప్రచారము చేయువారు పతంజలిని ప్రమాణముగ చూపుట అంత సమంజసముగ తోచదు.

దేహమునకు ప్రాధాన్యము నిచ్చినది హఠయోగము. 11వ శతాబ్దినాటి అమృతసిద్ధి బిందువు (వీర్యము), ప్రాణము, మనస్సు అను మూటికిని బంధము కలిపి, ఒకటి నిలిచిన తక్కినవియు నిలుచునని ప్రతిపాదించెను. 15వ శతాబ్దమున స్వాత్మారాముడు హఠప్రదీపికలో ఎనిమిది కుంభకములను, అనగా శ్వాసను నిలుపు విధములను, వర్ణించెను: నాలుకను దొన్నెవలె చుట్టి గాలిని పీల్చు శీతలి, తుమ్మెదవలె ఝంకరించు భ్రామరి అందు చేరినవి. పూరక (పీల్చుట), కుంభక (నిలుపుట), రేచకములకు (విడుచుట) 1:4:2 అను నిష్పత్తి యీ సంప్రదాయమున ప్రసిద్ధము. ఆ శతాబ్దముననే గౌరన, శ్రీశైలమునందలి భిక్షావృత్తి మఠాధిపతియగు ముక్తిశాంతుని ప్రేరణమున నవనాథచరిత్రమును ద్విపదగా రచింపగా, హఠయోగగురువులగు మత్స్యేంద్ర గోరక్షాదుల కథలు తెలుగుపాఠకులకు పరిచితములయ్యెను.

ఆధునికయుగమున వివేకానందుని రాజయోగము (1896) ప్రాణాయామమును పాశ్చాత్యులకు పరిచయము చేసెను. 1924లో లోణావళాలో కైవల్యధామమును స్థాపించిన స్వామి కువలయానందుడు ప్రయోగశాలలో యోగమును పరీక్షించుటకు పూనుకొని, నౌలి (ఉదరకండరములను త్రిప్పు క్రియ) చేయునపుడు ప్రేగులలో వాయుపీడనము తగ్గుటను కొలిచి, గురువగు మాధవదాసు పేర ఆ అల్పపీడనమునకు నామకరణము చేసెను. ప్రాణాయామమువలన దేహమునకు ఆక్సిజన్ అధికముగ చేరునను సామాన్యవిశ్వాసము సరికాదని ఆయనయే వాదించుట గమనింపదగినది. స్వపక్షపు నమ్మకమును తానే ఖండించుటకు కొంత ధైర్యము వలయును.

గుండెను ఆపగలమను యోగుల వాదమును 1957లో వెంగర్, బాగ్చీ అను శాస్త్రజ్ఞులు భారతదేశమునకు వచ్చి పరీక్షించిరి. యోగి శ్వాస బిగించి, ఉరఃకండరములను ఉదరకండరములను గట్టిగ సంకోచింపజేయుటచే గుండెకు మరలివచ్చు రక్తము తగ్గి, మణికట్టునందలి నాడి వేలికి తగులకుండ పోవును, స్టెతస్కోపునకు గుండెచప్పుడు వినబడదు. కాని విద్యుత్ హృల్లేఖనమున స్పందనము సాగుచునే యుండెను. వాదము నిలువలేదు గాని, శ్వాసచే హృదయము ప్రభావితమగునను సంగతి మఱింత స్పష్టపడెను. ఉచ్ఛ్వాసమున గుండె వేగము హెచ్చి, నిశ్శ్వాసమున వేగస్ నాడి ప్రభావముచే తగ్గును. 2001లో ఇటలీకి చెందిన బెర్నార్డీ బృందము, జపమాల ప్రార్థనయు మంత్రోచ్చారణమును శ్వాసను నిమిషమునకు సుమారు 6 సారులకు తెచ్చి, రక్తపీడనమును సరిదిద్దు ప్రతిక్రియను మెరుగుపఱచునని 23 మందిపై చేసిన పరిశీలనలో కనుగొనెను. సంధ్యావందనమున మంత్రమునే కొలతగా గైకొన్న పూర్వుల పద్ధతికి ఇది మిక్కిలి సన్నిహితము.

సింహగజాదులవలె ప్రాణమును మెల్లమెల్లగ వశము చేసికొనవలయుననియు, తొందరపడిన సాధకునకు హాని తప్పదనియు హఠప్రదీపికయే హెచ్చరించుచున్నది. కావున గర్భిణులును, హృద్రోగులును, అధిక రక్తపోటు గలవారును వైద్యుని సంప్రదింపక కుంభకమునకు పూనుకొనరాదు. తక్కినవారు సయితము గురుముఖముననే దానిని నేర్వవలయును.