రోగి కథ విన్న వైద్యుడు



నాడి చూచుట, మందిచ్చుట, పథ్యము చెప్పుట వైద్యుని పనులని మన మెల్లర మెఱుగుదుము. రోగి చెప్పుకొను మాటను కడదాక వినుటయు వైద్యములో నొక భాగమే యని నమ్మిన యొక వైద్యుని చరిత్రమును మీకు విన్నవించెదను. ఆయన రష్యా దేశస్థుడు. పేరు ఆంటన్ చెహోవ్. లోక మాయనను కథకుడుగా నెఱిగినంతగా వైద్యుడుగా నెఱుగదు.

ఆయన 1860లో అజోవ్ సముద్రతీరమందలి టాగన్‌రోగ్ పట్టణమున జన్మించెను. తాత భూస్వామికి కట్టుబానిసయై, వెల చెల్లించి తన కుటుంబమును విడిపించుకొన్నవాడు. తండ్రి దుకాణము నడిపి దివాలా తీసెను. చెహోవ్ మాస్కోలో వైద్యము చదువుచునే పత్రికలకు హాస్యకథలు వ్రాసి యింటివారిని పోషించెను. 1884లో పట్టము పొందెను. వైద్యము తనకు ధర్మపత్నియనియు, సాహిత్యము ప్రియురాలనియు నొక మిత్రునకు జాబులో వ్రాసెను. ఆ రెంటిలో దేనిని నాయన విడువలేదు.

1886లో వ్రాసిన యొక కథలో ముసలి బండివాడొకడు కలడు. ఆతని కొడుకు మరణించెను. బండి యెక్కినవారికెల్ల నా మాట చెప్పబోవును, వినువాడు లేడు. తుదకు రాత్రి శాలలో తన గుఱ్ఱముతో చెప్పుకొనును. ఆ కథలో వైద్యుడు లేడు, మందు లేదు. అయినను వ్రాసినది వైద్యుడే యని తెలియుచున్నది.

1890లో, సైబీరియా గుండ రైలుమార్గము లేని కాలమున, ఆయన ఖైదీల నుంచెడి సఖలీన్ ద్వీపమునకు బోయెను. మూడు మాసము లచట నుండి, గుడిసె గుడిసెకు దిరిగి, ఒక్కొక్కరి పేరు, వయస్సు, స్థితి విచారించి సుమారు 10,000 చీట్లు నింపెను. ఆ విచారణ ఫలము 1895లో గ్రంథరూపమున వెలువడెను.

1892లో కలరా భయము వ్యాపించినపుడు, మాస్కోకు దక్షిణమున మెలిఖోవో గ్రామమున నివసించుచు, జీతము గొనక 25 గ్రామములకును, 4 కార్ఖానాలకును, ఒక మఠమునకును వైద్యుడుగా నుండెను. ఆ ప్రాంతమున 3 బడులు కట్టించెను. బడిపంతులనగు నే నీ మాటను విడువజాలను.

తానే యుపాధ్యాయుడైనచో రోగి లోలోన ననుభవించు బాధను విద్యార్థులచే లోతుగా గ్రహింపజేయుదునని సహాధ్యాయియైన రొస్సోలిమో యను వైద్యునితో ననెను. విశ్వవిద్యాలయమున బోధించు నవకాశ మాయనకు లభింపలేదు.

ఇట వింత యొకటి కలదు. పట్టము పొందిన యేటనే యాయనకు దగ్గులో రక్తము పడెను. ఎందఱి బాధనో వినిన యాయన తన బాధను మాత్రము దాచెను. పరీక్ష చేయించుకొనక వాయిదా వేసెను. 1897లో రక్తము విశేషముగా పడిన పిమ్మటనే క్షయ యని నిర్ణయమయ్యెను. 1904లో జర్మనీలోని బాడెన్‌వైలర్‌లో, 44వ యేట, దేహము చాలించెను.

కావున పెద్దలారా, మంచముపట్టినవాడు మాట మొదలిడినపుడు తొందరపడి ధైర్యము చెప్పి యాపివేయకుడు; చెప్పనిండు. మీకు నలత గలిగినపుడు, ఇంటివారికి భారమని దాచుకొనక, వైద్యునితో మొదటినుండి చెప్పుడు. వినువాడును చెప్పువాడును ఇరువురు నున్నప్పుడే వైద్యము సాగును.