మగ్గం ఎందుకు ఆగింది?
(నేతపనిలో కాలపట్టిక కథ)

మనకు ఉగాది, మన మరాఠీ సోదరులకు గుడిపాడవా. రెండూ ఒకే రోజున జరుపుకునే ఈ షోలాపురంలో, పంచాంగ శ్రవణం అయిన తరువాత ఇంకొక పంచాంగాన్ని గురించి నాలుగు మాటలు మనవి చేసుకుంటున్నాము. అది నేతపని పంచాంగం. ఏ పని ఏ రోజున మొదలు కావాలి, ఏది పూర్తి అయితేగాని మరొకటి సాగదు అని చెప్పే కాలపట్టిక. నేడు దీనిని కంప్యూటరు మీద తయారు చేస్తున్నారు.

మాది రైల్వేలో గుమాస్తా ఉద్యోగం. పుట్టింది మాత్రం నేత ఇంట. షోలాపురానికి రైలు 1860లో వచ్చింది. 1874లో వాడి నుంచి సికిందరాబాదుకు దారి పడింది. 1877లో ఇక్కడ పెద్ద నూలుమిల్లు వెలిసింది. కరవు తరిమి కొందరు, పని వెదుక్కుంటూ కొందరు తెలంగాణా పల్లెల నుంచి పద్మశాలి కుటుంబాలవారు వచ్చి ఇక్కడ మగ్గాలు పాతుకున్నారు.

ఆ పెద్దల ఇండ్లలో కాలపట్టిక కాగితం మీద ఉండేది కాదు. ఇంటివారి తలలలో ఉండేది. అమ్మ కండెలు చుట్టకపోతే నాన్న చేతిలో నాడె ఆడదు. మబ్బు పడితే వీధిలో చాపిన పడుగుకు గంజి ఆరదు. మగ్గం ఆగితే ఎందుకు ఆగిందో ఇంటిల్లిపాదికీ తెలుసు.

మరమగ్గాల కార్ఖానాలు వచ్చిన తరువాత పనులు విడిపోయినవి. రంగు ఒకచోట, పడుగు ఒకచోట, నేత మరొకచోట. నేసేవానికి కూలి నేసినంతకే. బీము రాక మగ్గం ఖాళీగా ఉన్న రోజుకు కూలి లేదు. మా నాన్నగారు అటువంటి ఒక కార్ఖానాలో నేసేవారు. ఒక వేసవిలో రంగుకు వెళ్లిన నూలు సమయానికి తిరిగి రాలేదు. నాలుగు రోజులు పొద్దున్నే వెళ్లి, గుమ్మం దగ్గర కూర్చుండి, సాయంత్రం వట్టి చేతులతో వచ్చారు. వారం చివర పద్దులో ‘నేత తక్కువ’ అని మాత్రం ఉన్నది. ఎందుకు తక్కువో రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదు. ఆ వారం అమ్మ బీడీలు చుట్టి తెచ్చిన డబ్బుతోనే మా పొయ్యి వెలిగింది.

పనిని గీతలుగా గీసి చూపినవారిలో ప్రసిద్ధుడు హెన్రీ గాంట్ (1861–1919) అనే అమెరికా ఇంజనీరు. 1910లో వెలువడిన ఆయన గ్రంథంలో కండెలు చుట్టేవారి పటాలు ఉన్నవి. నిర్ణయించిన పని పూర్తి చేసి బోనసు పొందిన రోజుకు నల్లగీత, పొందని రోజుకు ఎర్రగీత. అనగా లెక్క మొదట కూలివాని మీదనే పడిందన్నమాట. కాని ఆ పద్ధతి అక్కడితో ఆగలేదు. గాంట్ అనుచరుడు వాలెస్ క్లార్క్ 1922లో ఈ పటాలను వివరిస్తూ ఒక పుస్తకం వేశాడు. అందులో యంత్రాల పటం ఒకటి ఉన్నది. యంత్రం ఆగితే ఆగిన కారణాన్ని ఒక్కొక్క అక్షరంతో గుర్తించాలి: మనిషి రాలేదా, సరుకు అందలేదా, విద్యుత్తు పోయిందా, మరమ్మతా, అసలు ఆర్డరే లేదా అని.

ఇది తెలిసినప్పుడు మాకు మా ఆఫీసు గుర్తుకు వచ్చింది. రైలు అరగంట ఆలస్యమైతే ఆ మాట రాసి ఊరుకోము. ఇంజనుదా, సిగ్నలుదా, కారణం కూడా రాస్తాము. లేకుంటే ప్రతి ఆలస్యమూ డ్రైవరు తప్పే అవుతుంది.

1957లో అమెరికాలో డ్యూపాంట్ రసాయన సంస్థవారు, యూనివాక్ కంప్యూటరు చేసే రెమింగ్టన్ రాండ్ వారు కలిసి మరొక అడుగు వేశారు. ఏ పని ఆలస్యమైతే మొత్తం ఆలస్యమవుతుందో, ఏ పనికి వెసులుబాటు ఉన్నదో లెక్క కట్టే పద్ధతి కనిపెట్టారు. వారికి కావలసింది కర్మాగారాల నిర్మాణం, మరమ్మతుల లెక్క. 1984లో మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ వెలువడే నాటికి ఆ లెక్క బల్లమీది చిన్న కంప్యూటరుకు దిగివచ్చింది.

దుప్పట్ల ఆర్డరు ఒకటి వచ్చిందనుకుందాము. రంగుకు 4 రోజులు, పడుగు బీముకు 2, అచ్చు అతకడానికి 1, నేతకు 10, అంచుల కుట్టు, మడతలకు 2, మొత్తం 19. పేక కండెలకు 1 రోజు చాలు. రంగు అయిన తరువాత, పడుగు, అతుకు జరిగే 3 రోజులలో అవి ఎప్పుడైనా కావచ్చు. కనుక కండెలు 2 రోజులు ఆలస్యమైనా నష్టం లేదు. రంగు ఒక్క రోజు ఆలస్యమైతే మాత్రం సరుకు 20వ రోజుకు గాని పూర్తి కాదు. ఈ సంగతి ముందే తెలిస్తే యజమాని వేరొక బీము సిద్ధం చేయగలడు. నేసేవాడు గుమ్మం దగ్గర కూర్చోనక్కర లేదు.

కాని కంప్యూటరు మనం చెప్పినదే చెబుతుంది. ఉన్నవి ఎనిమిది మగ్గాలేనని చెప్పకపోతే పదింటి పనిని ఒకేసారి ఎక్కిస్తుంది. నేసేవాని గడి ఒక్కటే పెడితే, పాత పద్దులోని ‘నేత తక్కువ’ మాటనే అందమైన రంగులలో చూపిస్తుంది.

మన పిల్లలు కంప్యూటరు చదువులు చదువుతున్నారు. రేపు వారిలో ఎవరైనా కార్ఖానాకు కాలపట్టిక తయారు చేస్తే, అందులో కారణం రాసే గడి ఒకటి పెట్టవలెనని మా మనవి. ఏ కారణాలు రాయాలో తెలియకపోతే ఇంట్లో ఉన్న తాతను, అవ్వను అడగండి. వారికి అన్నీ తెలుసు. ఇంతకాలం వారిని అడిగినవారే లేరు.

ఈ కొత్త సంవత్సరంలో ఏ ఇంటి మగ్గమూ కారణం లేకుండా ఆగకూడదని, ఆగినా ఆ నింద నేసేవాని మీద పడకూడదని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాము.