మోటారు సైకిలు ముందు ఫోర్కు: నూనె నేర్పిన నడక

ఆదోని నుండి ఎమ్మిగనూరునకు దారి సుమారు 30 కిలోమీటర్లు. ఒక కొసను ప్రత్తి, వేరుసెనగ వ్యాపారములకు పేరుపడిన పట్టణము; రెండవ కొసను 1938లో మాచాని సోమప్పగారు చేనేతపనివారికై సహకార సంఘమును నెలకొల్పిన ఊరు. ఈ సీమలోని నల్లరేగడి నేల వానకు ఉబ్బును, ఎండకు నెఱ్ఱెలు విచ్చును. అట్టి నేలపై వేసిన బాట ఎంత చక్కనిదైనను కొన్నాళ్లకు ఎగుడుదిగుడు కాక మానదు. దానిమీద పాత మోటారు సైకిలు నడపువాని ప్రాణము ముందు ఫోర్కును నమ్ముకొని యుండును. ఆ ఫోర్కు కథయే నేటి ప్రసంగ విషయము.

తొలినాటి మోటారు సైకిలు ఇంజను తగిలించిన సైకిలే. దాని ఫోర్కునకు కదలిక లేదు; బాట కొట్టిన దెబ్బ నేరుగా చేతులకు తగులుచుండెను. వేగము పెరిగిన కొలది గర్డరు ఫోర్కు వాడుకలోనికి వచ్చెను. చక్రమును పట్టుకొన్న చట్రమును చిన్న లింకులతో తలభాగమునకు కలిపి, నడుమ స్ప్రింగు నిలుపుట దాని పద్ధతి. కాని స్ప్రింగు తాను మింగిన దెబ్బను దాచుకొనదు, తిరిగి ఇచ్చివేయును. గుంత దాటిన పిమ్మట కూడ బండి ఊగుచునే యుండును. ఆ ఊపును అణచుటకు రాపిడి బిళ్లలను అమర్చి, చేతితో త్రిప్పు మరతో బిగించుచుండిరి. రాపిడికి తారతమ్యము తెలియదు. చిన్న గతుకును, పెద్ద గుంతను ఇంచుమించు ఒకే బలముతో అడ్డగించును. తడి, దుమ్ము చేరినచో దాని పట్టు మారిపోవును.

గొట్టములో గొట్టము జారెడు టెలిస్కోపిక్ ఫోర్కును 1908లోనే ఇంగ్లండులో ఆల్‌ఫ్రెడ్ స్కాట్ తన బండికి అమర్చెను. అయినను లోకము వెంటనే ఆ దారి పట్టలేదు. 1935లో జర్మనీలోని బి.ఎం.డబ్ల్యు. సంస్థ తన ఆర్ 12 బండి ఫోర్కులో ఊపును నూనెతో అణచినది. అసలు మార్పు అదియే. నూనె సన్నని రంధ్రముల గుండ పోవలెను. ఫోర్కు మెల్లగా కదలిన దారి యిచ్చును. వడిగా కదలిన గట్టిగా ఎదిరించును. దెబ్బలోని శక్తి వేడిగా మారి చల్లారిపోవును. రాపిడి బిళ్లకు లేని వివేకము నూనెకు కలదన్నమాట.

రెండవ ప్రపంచ యుద్ధమున బి.ఎస్.ఎ. ఎం 20, నార్టన్ 16 హెచ్ బండ్లు గర్డరు ఫోర్కుతో నడువగా, మ్యాచ్‌లెస్ జి 3 ఎల్ 1941 నుండి నూనె ఫోర్కుతో వచ్చెను. యుద్ధానంతరము సైన్యము అమ్మివేసిన బండ్లతో ఆ రెండు తరములును మన బాటల మీద కలిసి తిరిగెను. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాను వీడి కర్నూలు జిల్లాలో చేరెను. కచేరి పనికి బళ్లారి పోవువారు అంతకంటె దూరమైన కర్నూలు దారి పట్టవలసివచ్చెను. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి బుల్లెట్టు బండ్లు, 1960 తరువాత మైసూరు నుండి జావా బండ్లు వచ్చెను. ఈ రెండును నూనె ఫోర్కు గలవే.

ఈ చరిత్ర తెలిసినవానికి మరమ్మతు మార్గము తానే తోచును. ముందు బ్రేకు పట్టి హ్యాండిలును క్రిందికి నొక్కి విడిచి చూడవలెను. ఒక్కసారి లేచి నిలిచిన మేలు. మరల మరల ఊగినచో నూనె తగ్గినదో, పలుచబడినదో అయి యుండును. పైపు మీద నూనె చార కనబడిన ఆయిల్ సీలు చెడినదని గుర్తు. అయితే పైపు త్రుప్పుపట్టి గరుకైనచో క్రొత్త సీలును కూడ కోసివేయును. కావున ముందు పైపును బాగుచేయవలెను. టకటక శబ్దము వచ్చినచో బుష్షులను, కోన్ సెట్టును పరీక్షింపవలెను. నూనె మిల్లులున్న ఊరిలో నూనెకు కొదువ లేదు గాని, ఫోర్కు కోరునది వేరు నూనె. తయారీదారు చెప్పిన చిక్కదనముగలదానిని, రెండు కాళ్లలోను సమముగా కొలిచి పోయవలెను. ఎక్కువ పోసిన మేలను భ్రమ కూడదు. లోపల గాలికి చోటు చాలక ఒత్తిడి పెరిగి సీళ్లు తన్నుకొనిపోవును.

పాత బండిని మెరుగుపరచ గోరువారు చుట్ల ఎడము క్రమముగా మారు స్ప్రింగులను వేయుట కలదు. అవి చిన్న గతుకునకు మెత్తగాను, పెద్ద గుంతకు గట్టిగాను ఉండును. అంతమాత్రము మంచిదే. కాని స్ప్రింగు మార్చి నూనెను మరచినవాడు 1935 కంటె వెనుకకు పోయినట్లే. బ్రేకు పట్టినపుడు బరువంతయు ముందు చక్రము మీదికి వచ్చును. అప్పుడు చక్రము ఎగిరెనా, నేల విడిచిన టైరునకు ఏ బ్రేకును సాయపడదు. ఎమ్మిగనూరు దారిలో ఎదుట ఎడ్లబండి అడ్డు తిరిగిన క్షణమున మనలను కాచునది కంటికి కనబడని ఆ కొద్దిపాటి నూనెయే.