స్వీయ అధ్యయన క్రమం

తరగతి బోధనకు వెలుపల విద్యార్థి తనంతట తాను చదువుకునే వేళలను, అంశాలను, చదివినదాన్ని తిరిగి చూసుకునే రోజులను ముందుగా నిర్ణయించుకొని పాటించే పద్ధతిని స్వీయ అధ్యయన క్రమం అంటారు. వ్యవహారంలో దీనికి టైమ్‌టేబుల్ అనే పేరున్నా, ఏ గంటకు ఏ సబ్జెక్టు అన్న పట్టిక ఇందులో ఒక భాగమే. చదివినది ఎప్పుడు, ఏ విధంగా మళ్లీ జ్ఞప్తికి తెచ్చుకోవాలన్న నిర్ణయమే దీనికి ఆయువుపట్టు అని జ్ఞాపకశక్తిపై జరిగిన పరిశోధనలు సూచిస్తున్నాయి.

మరపు, విరామం

జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ అర్థంలేని అక్షర సముదాయాల వరుసలను తప్పు లేకుండా అప్పజెప్పగలిగే వరకు తానే వల్లె వేసి, కొంత వ్యవధి తర్వాత వాటిని మళ్లీ నేర్చుకోవడంలో ఎంత శ్రమ ఆదా అయిందో కొలిచి, ఫలితాలను 1885లో ప్రచురించారు. ఆ ఆదా 20 నిమిషాల తర్వాత సుమారు 58 శాతం, ఒక రోజు తర్వాత 34 శాతం, 31 రోజుల తర్వాత 21 శాతం. అంటే మరపు మొదటి గంటల్లో వేగంగా సాగి, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. అర్థవంతమైన పాఠం ఇంత త్వరగా చెరిగిపోకపోయినా, మరపు తీరు మాత్రం ఇలాగే ఉంటుంది.

ఒకే అంశాన్ని ఒక్క రోజులో పలుమార్లు చదవడం కన్నా, అదే శ్రమను ఎడం ఎడంగా కొన్ని రోజులకు పంచితే ఎక్కువ కాలం గుర్తుండటాన్ని విరామ ప్రభావం అంటారు. నికొలస్ సెపెడా, ఆయన సహచరులు 2008లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పరీక్ష వారం దూరంలో ఉంటే ఆ వ్యవధిలో 20 నుంచి 40 శాతం, అంటే ఒకటి నుంచి మూడు రోజుల లోపు విరామం మేలైనది. ఏడాది దూరంలో ఉంటే అది 5 నుంచి 10 శాతానికి, అంటే సుమారు మూడు నుంచి ఐదు వారాలకు మారుతుంది.

జ్ఞప్తికి తెచ్చుకునే సాధన

పుస్తకం మూసి, చదివినదాన్ని స్వయంగా చెప్పడానికో రాయడానికో ప్రయత్నించినప్పుడు జ్ఞాపకం బలపడటాన్ని పరీక్షా ప్రభావం అంటారు. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికె 2006లో ప్రచురించిన ప్రయోగంలో ఒక పాఠాన్ని రెండుసార్లు చదివినవారు ఐదు నిమిషాల తర్వాత 81 శాతం, ఒకసారి చదివి మరోసారి చూడకుండా రాసినవారు 75 శాతం గుర్తు చేసుకున్నారు. వారం గడిచాక ఈ క్రమం తలకిందులై, మొదటివారిది 42 శాతానికి పడిపోగా రెండోవారిది 56 శాతం వద్ద నిలిచింది. తిరిగి చదివినప్పుడు కలిగే పరిచయ భావాన్ని విద్యార్థి పట్టు చిక్కడంగా పొరబడతాడు కనుకనే, తక్కువ ఫలితమిచ్చే పద్ధతి ఎక్కువ నమ్మకాన్ని కలిగిస్తుంది. జాన్ డన్‌లాస్కీ బృందం 2013లో పది అధ్యయన పద్ధతులను సమీక్షించి, స్వీయ పరీక్షకు, విరామంతో కూడిన సాధనకు అధిక ప్రయోజనం ఉందని తేల్చింది. వాక్యాల కింద గీతలు గీయడాన్ని, తిరిగి చదవడాన్ని తక్కువ ప్రయోజనం గల వర్గంలో చేర్చింది.

తెలుగు బడుల్లో ఎక్కాలను, పద్యాలను పంతులుకు అప్పజెప్పే ఆనవాయితీలో ఈ సాధన అంశ ఉంది. అయితే భావం ఎరగకుండా బట్టీ పట్టిన పాఠం, ప్రశ్న మాట మారగానే అక్కరకు రాదు. అందువల్ల అప్పజెప్పడంతో పాటు కారణాన్ని వివరించడం, కొత్త లెక్కను సాధించడం కూడా స్వీయ పరీక్షలో భాగం కావాలి.

క్రమం నిర్మాణం

కళాశాల, ప్రయాణం, భోజనం, నిద్ర పోగా మిగిలే సమయాన్ని లెక్కించడంతో నిర్మాణం మొదలవుతుంది. 13 నుంచి 18 ఏళ్లవారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ సిఫారసు చేస్తోంది. నేర్చినది స్థిరపడటంలో నిద్రకు పాత్ర ఉంది కనుక, దాన్ని తగ్గించి పెంచిన చదువు గంటలు తమ ఫలాన్ని తామే హరిస్తాయి.

పట్టికలో సబ్జెక్టు పేరుకు బదులు పూర్తి చేయదగిన పనిని రాయాలి. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం విద్యార్థి ‘ఫిజిక్స్, రెండు గంటలు’ అని కాక, ‘కిర్కాఫ్ నియమాలు, వాటిపై ఆరు లెక్కలు’ అని రాసుకుంటే పని ముగిసిందో లేదో తెలుస్తుంది. సోమవారం నేర్చిన ఆ అంశాన్ని మంగళవారం పుస్తకం చూడకుండా రాయడం, గురువారం కొత్త లెక్కలతో, మరుసటి వారం, నెల తర్వాత మళ్లీ పరీక్షించుకోవడం ఒక నమూనా. సెబాస్టియన్ లైట్నర్ 1972లో ప్రచారంలోకి తెచ్చిన చీటీల పెట్టె ఇదే సూత్రంపై నడుస్తుంది: జవాబు తెలిసిన చీటీ, ఎక్కువ రోజులకోసారి తెరిచే అరలోకి వెళుతుంది, తప్పిన చీటీ మొదటి అరకు తిరిగి వస్తుంది.

ఒకే రకం లెక్కలను వరుసగా కాక, పలు రకాలను కలిపి చేయడం కలగలుపు సాధన. డగ్ రోరర్, కెల్లీ టేలర్ 2007లో ప్రచురించిన ప్రయోగంలో కలిపి చేసినవారు సాధన వేళ వెనకబడినా, వారం తర్వాతి పరీక్షలో 63 శాతం సాధించారు. విడివిడిగా చేసినవారు 20 శాతం వద్ద ఆగారు. ఏ లెక్కకు ఏ పద్ధతి వర్తిస్తుందో ఎంచుకునే నేర్పు కలగలుపు వల్లనే అలవడుతుంది.

పనికి పట్టే సమయాన్ని తక్కువగా అంచనా వేసే ధోరణిని డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లో ప్రణాళికా భ్రమగా గుర్తించారు. ఈ కారణంగా, వెనకబడిన పాఠాల కోసం వారానికొక పూటను ఖాళీగా ఉంచడం మేలు.

అమలు, పరిమితులు

లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిప్పా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక కొత్త అలవాటు స్థిరపడటానికి మధ్యగతంగా 66 రోజులు పట్టింది. వ్యక్తులను బట్టి ఈ వ్యవధి 18 నుంచి 254 రోజుల వరకు మారింది. అందులో పరిశీలించినవి ఆహార, వ్యాయామ అలవాట్లే అయినా, ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడదన్న ఫలితం చదువుకూ ఊరటనిస్తుంది.

రెసిడెన్షియల్ కళాశాలలో స్టడీ అవర్లను సంస్థే నిర్ణయిస్తుంది కనుక, అక్కడి నుంచి ఇంజనీరింగుకో, గ్రూప్స్ పరీక్షల తయారీకో వెళ్లే విద్యార్థి ఈ నిర్ణయాలను తొలిసారి తానే చేయవలసి వస్తుంది. పని చేస్తూ చదివేవారికి, ఇంట్లో విడి చోటు లేనివారికి గంటలు తక్కువే దొరుకుతాయి. అటువంటివారు కొత్త పాఠాల వేగాన్ని తగ్గించుకొనైనా పునశ్చరణ రోజులను వదులుకోకపోవడం లాభదాయకం. క్రమం ఫలిస్తోందా లేదా అన్నది కూర్చున్న గంటలను బట్టి కాక, వారం చివర పుస్తకం తెరవకుండా ఎన్ని ప్రశ్నలకు జవాబు రాయగలిగారన్న దానిని బట్టి తేల్చుకొని, తప్పిన అంశాలను మరుసటి వారపు పట్టికలో ముందు చేర్చాలి.