టైఫాయిడ్ క్రిమి: పేగు గోడ దాటే దారి

టైఫాయిడ్‌కు కారణం సాల్మొనెల్లా టైఫి అనే బ్యాక్టీరియా. కలుషితమైన నీటితో, తిండితో లోపలికి చేరుతుంది. కలరా క్రిమి పేగులోనే ఉండి విషం వదులుతుంది; ఇది అక్కడ ఆగదు, చిన్నపేగు గోడ దాటి రక్తంలో కలుస్తుంది. ఒకే వరుస కణాలున్న ఆ పొరను ఎలా దాటుతుందో, దాటాక రక్షణ వ్యవస్థకు ఎందుకు చిక్కదో తెలియడానికి వందేళ్లకు పైగా పట్టింది.

చిన్నపేగు గోడలో అక్కడక్కడా గుంపులుగా కనిపించే కణజాలాన్ని స్విట్జర్లాండ్ వైద్యుడు యోహాన్ కాన్రాడ్ పేయర్ 1677లో వర్ణించాడు. వాటికి పేయర్ ప్యాచ్‌లన్న పేరు నిలిచింది. టైఫాయిడ్‌తో చనిపోయినవారి పేగుల్లో పుండ్లు సరిగ్గా అక్కడే పడుతున్నాయని ప్యారిస్ వైద్యుడు పియర్ లూయీ 1829లో చూపాడు. క్రిమి ఏ దారిన వెళుతుందో చెప్పే ఆధారం అదే, కానీ క్రిమి సంగతే అప్పటికి తేలలేదు. 1880లో శాస్త్రవేత్త కార్ల్ ఎబెర్ట్ ఆ బ్యాక్టీరియాను రోగుల ప్లీహంలో చూశాడు. 1884లో గాఫ్కీ అనే శాస్త్రవేత్త దాన్ని ప్రయోగశాలలో పెంచాడు.

సాల్మొనెల్లా టైఫి సహజంగా మనుషులకే సోకుతుంది. అందుకే దాని గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం దగ్గరి బంధువైన టైఫిమ్యూరియం రకాన్ని జంతువుల మీద పరీక్షించి తెలుసుకున్నదే. 1967లో టకేయూచీ అనే పరిశోధకుడు గినీపందుల పేగులో ఆ క్రిమి కణంలోకి దూరే తీరును ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూపాడు. 1974లో పరిశోధకులు ఓవెన్, జోన్స్ పేయర్ ప్యాచ్‌లను కప్పి ఉండే ఎం కణాలకు ఆ పేరు పెట్టారు. పేగులో ఏముందో నమూనా తీసి కింద ఉన్న రక్షణ కణాలకు అందించడం ఈ కణాల పని. కాపలాకోసం తెరిచిన ఆ తలుపులోంచే క్రిమి దూరుతుంది.

మామూలు పేగు కణాల్లోకీ అది దూరగలదు. అందుకు కావలసిన జన్యువులను 1989లో గలాన్, కర్టిస్ గుర్తించారు. బ్యాక్టీరియా ఒంటి మీద సూదిలాంటి నిర్మాణం ఉండడం 1998లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో కనిపించింది. దాని గుండా పంపిన ప్రోటీన్లు కణం లోపలి అస్థిపంజరాన్ని కదిలిస్తాయి. కణమే ఉబ్బి క్రిమిని మింగేస్తుంది.

గోడ దాటాక ఎదురయ్యేవి క్రిములను మింగి చంపే మాక్రోఫేజ్ కణాలు. ఈ కథలో అన్నిటికన్నా విస్మయపరిచే భాగం ఇదే: క్రిమి వాటిలోనే కాపురం పెడుతుంది. 1990ల మధ్యలో బయటపడిన రెండో సూది వ్యవస్థతో తానున్న సంచిని తనకు అనువుగా మార్చుకుని, కాలేయం, ప్లీహం, ఎముక మజ్జ చేరుతుంది. 1934లో ఫెలిక్స్, పిట్ కనుగొన్న వీఐ అనే చక్కెర పొర దాని ఉపరితలాన్ని కప్పి, రక్షణ వ్యవస్థ గుర్తించే ఆనవాళ్లను దాచేస్తుంది. సాధారణంగా ఒకటి రెండు వారాల దాకా జ్వరం కనబడకపోవడానికి ఈ గుప్తవాసమే కారణం. కొందరిలో పిత్తాశయంలో ఏళ్ల తరబడి మిగిలిపోతుంది. న్యూయార్క్ వంటమనిషి మేరీ మాలన్‌కు ఏ బాధా లేదు, అయినా ఆమె ద్వారా జబ్బు పాకింది. ఆమెను 1907లో ఒకసారి, 1915 నుంచి 1938లో చనిపోయేదాకా మరోసారి నిర్బంధంలో ఉంచారు.

టీకాకు దొరికిన గురి కూడా ఆ వీఐ పొరే. పొర ఒక్కదాన్నే టీకాగా ఇస్తే రెండేళ్లలోపు పిల్లల్లో సరిగా పనిచేయదు. దాన్ని ధనుర్వాత టీకాలో వాడే ప్రోటీన్‌తో కలిపి హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ చేసిన టీకాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 డిసెంబరులో ముందస్తు అర్హత ఇచ్చింది. పాకిస్తాన్ సింధ్ రాష్ట్రంలోని హైదరాబాద్‌లో 2016 చివర చాలా యాంటీబయాటిక్స్‌కు లొంగని టైఫాయిడ్ పుట్టింది. 2018లో అక్కడి పిల్లలకు వేసింది ఈ టీకానే.